లాభం ఎవరికండీ?

ఆ మధ్య ఒక ఆదివారం ద్రాక్షారామంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళతో సమావేశం జరిగింది. 'ఆర్థిక రంగంలో స్త్రీల నాయకత్వం' గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సంచీలో నాలుగైదు ఇంగ్లీషు వ్యాసాల జిరాక్సులు పెట్టుకుని వెళ్ళాను. పెద్ద పదవుల్లో ఆడవాళ్ళున్న కంపెనీలు మిగతా కంపెనీల కంటే ఎక్కువ లాభాలు సంపాదిస్తున్నాయన్నది ఆ వ్యాసాల సారాంశం. అదే తెలుగులో చెప్పాను. ఆడదాని చేతికి తాళాలిస్తే ఇల్లే కాదు, కంపెనీ కూడా బాగుపడుతుందని కాస్త హుషారుగానే ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. నలభై ఏళ్ళుంటాయి. రొయ్యల కంపెనీలో తలలు తీసే పని. తెల్లారకుండానే వ్యాను ఎక్కి వెళ్తుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు.

"మేడంగారూ, మా కంపెనీలో కూడా పైన ఒక మేడంగారు వచ్చారండి. లాభం పెరిగిందని స్వీటు పొట్లాలు పంచారండి. మా కూలి మటుకు పెరగలేదు. బాత్రూముకి వెళ్తే ఎంతసేపు పట్టిందో సూపర్‌వైజరు రాసుకుంటున్నాడు. మొన్న అమెరికావోళ్ళు పన్ను పెంచారని చెప్పి వారంలో రెండ్రోజులు పని లేదన్నారు. మీరు లాభం లాభం అన్నారు కదా, లాభం ఎవరికండీ?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపు చూశారు. నా జిరాక్సుల్లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. "మంచి ప్రశ్న అడిగావమ్మా" అని ఏదో సర్దాను. మంచి ప్రశ్న అని మెచ్చుకోవటం జవాబు చెప్పకుండా తప్పించుకునే పద్ధతుల్లో ఒకటని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకి తెలుసు. ఆ రోజు ఇవ్వలేని జవాబు కోసమే ఈ సంపాదకీయం.

ముందు మనం సాధించుకున్నదేమిటో చూద్దాం. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షను ప్రకారం స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళా డైరెక్టరు వుండాలి. వంద కోట్ల మూలధనం గానీ మూడు వందల కోట్ల టర్నోవరు గానీ వున్న ఇతర పబ్లిక్ కంపెనీలకీ ఇదే నిబంధన. సెబీ మొదట 2014 అక్టోబరు 1 గడువు పెట్టింది. కంపెనీలు తయారుగా లేకపోవటంతో దాన్ని 2015 ఏప్రిల్ 1కి పొడిగించింది. కోట్ల వ్యాపారం చేసేవాళ్ళకి ఇంత దేశంలో తలా ఒక ఆడమనిషి దొరకటం అంత కష్టమైంది! చివరికి చాలామందికి ఆ మనిషి ఇంట్లోనే దొరికింది. యజమాని భార్య, కూతురు, కోడలు, చెల్లెలు ఇలా బోర్డుల్లోకి వచ్చారు. ఇది గమనించే సెబీ 2018లో నిబంధనల్ని సవరించి, 2019 ఏప్రిల్ నుంచి మొదటి 500 కంపెనీల్లో, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీల్లో యజమాని కుటుంబంతో సంబంధం లేని ఒక స్వతంత్ర మహిళా డైరెక్టరు వుండాలని చెప్పింది.

దీన్ని చూసి మనం వెక్కిరించాల్సిన పని లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయితీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి వచ్చినప్పుడు మనమంతా ఏం చూశాం? కుర్చీలో ఆవిడ, పక్కన 'సర్పంచిగారి భర్త'. సంతకం ఆవిడది, మాట ఆయనది. కానీ అయిదేళ్ళు తిరిగేసరికి చాలా వూళ్ళలో కాగితం చదవకుండా సంతకం పెట్టనన్న సర్పంచులూ తయారయ్యారు. కుర్చీ దొరికితేనే కదా, ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో నేర్చుకునేది! కంపెనీ బోర్డుల్లో 2013లో వందకి ఆరుగురున్న ఆడవాళ్ళు 2022 నాటికి పద్దెనిమిది మంది అయ్యారంటే అది చట్టం వల్లే. నిర్ణయాలు జరిగే అసలు కుర్చీల్లో, అంటే ఛైర్మన్, ఎండీ పదవుల్లో మాత్రం వందకి అయిదుగురి దగ్గరే ఆగిపోయారు.

మన తెలుగువాళ్ళ సంగతి తీసుకుంటే ఇంకో విషయం కనిపిస్తుంది. చిత్తూరు జిల్లావారైన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో మొదలుపెట్టిన అపోలో ఆసుపత్రుల యాజమాన్యంలోకి ఆయన నలుగురు కూతుళ్ళూ వచ్చారు. వాళ్ళలో శోభన కామినేని 2017లో సీఐఐ అధ్యక్షురాలైన మొదటి మహిళ. సుచిత్ర ఎల్ల 1996లో భర్తతో కలిసి హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించారు. బెజవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ చదువుని నమ్ముకుని అమెరికా వెళ్ళి, మోటరోలాలోనూ ఆ తర్వాత సిస్కోలోనూ చీఫ్ టెక్నాలజీ ఆఫీసరు అయ్యారు. ఆస్తి, సొంత వ్యాపారం, చదువు: పైకి వెళ్ళటానికి మన ఆడవాళ్ళకి దొరికిన దారులు ఈ మూడే. మూడింటి వెనకా హక్కుల పోరాటం వుంది. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం 1985లోనే చట్టాన్ని సవరించింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005 దాకా రాలేదు. కాబట్టి బోర్డు రూముల్లో కూర్చున్న ఆడవాళ్ళు తమ తెలివితేటలతోపాటు, ఎక్కడో రోడ్డు మీద జెండా పట్టుకున్న ఆడవాళ్ళకి కూడా బాకీ పడి వున్నారు.

ఇక లాభాల వాదన. 2000 తర్వాత దీన్ని కన్సల్టెన్సీ కంపెనీలు బాగా ప్రచారం చేశాయి. 'ఆడవాళ్ళని పైకి తీసుకురండి, లాభాలు పెరుగుతాయి' అని. కానీ ఆ లెక్కలు చెప్పేది రెండూ ఒకే చోట కనిపిస్తున్నాయనే. ఆడవాళ్ళు రావటం వల్ల లాభం పెరిగిందా, లాభాల్లో వున్న కంపెనీ ధైర్యంగా ఆడవాళ్ళని తీసుకుందా అన్నది వాటిలో తేలదు. వేరే పరిశోధకులు అవే లెక్కల్ని మళ్ళీ వేసి చూస్తే ఆ సంబంధం కనపడని సందర్భాలూ వున్నాయి. నార్వే 2003లో చట్టం చేసి 2008 నాటికి పెద్ద కంపెనీల బోర్డుల్లో నలభై శాతం ఆడవాళ్ళు వుండేటట్టు చేసింది. దాని వల్ల కంపెనీల విలువ పడిపోయిందని 2012లో ఒక పరిశోధన వచ్చింది. అలాంటిదేమీ లేదని తర్వాత ఇంకొకటి వచ్చింది.

ఇంతకంటే నేర్పే సంగతి ఇంగ్లండులో జరిగింది. మహిళా డైరెక్టర్లున్న కంపెనీల షేర్లు పడిపోతున్నాయనీ, ఆడవాళ్ళు కంపెనీల్ని ముంచుతున్నారనీ 2003లో లండన్ టైమ్స్ రాసింది. మిషెల్ ర్యాన్, అలెక్స్ హాస్లమ్ అనే ఇద్దరు పరిశోధకులు తేదీలు పట్టుకుని వెతికారు. 2005లో వాళ్ళు బయటపెట్టిన విషయం ఏమిటంటే, మార్కెట్టు పడిపోతున్న రోజుల్లో ఆడవాళ్ళని బోర్డులోకి తీసుకున్న కంపెనీలు అంతకు ముందు అయిదు నెలలుగా నష్టాల బాటలోనే వున్నాయి. మునిగే పడవ తెడ్డు ఆడమనిషి చేతిలో పెట్టి, మునిగాక ఆవిడే ముంచిందన్నారన్నమాట. వ్యవసాయం చితికిపోయాక, మగవాడు అప్పులపాలయ్యాక సంసారం ఆడదాని నెత్తిన పడటం మనకి కొత్త కాదు. అది పెద్ద ఆఫీసుల్లోనూ జరుగుతోంది.

అందువల్ల లాభం పేరు చెప్పి హక్కు అడగటంలో ప్రమాదం వుంది. లాభం వచ్చినన్నాళ్ళే ఆ హక్కు నిలుస్తుంది. నష్టం వస్తే 'మీ ఆడవాళ్ళని చూశాంలే' అంటారు. ఏ మగ డైరెక్టరునీ 'నువ్వు మగవాడివి కావటం వల్ల కంపెనీకి ఎంత కలిసొచ్చింది' అని ఎవరూ అడగరు. దివాలా తీసిన వేల కంపెనీలకి మగవాళ్ళే అధిపతులు. ఆ కారణంగా మగవాళ్ళు ఆ పనికి పనికిరారని ఏ పత్రికా రాయలేదు.

ఈ వాదన నేనూ వాడాను కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల్లోంచి మా శిక్షణ కార్యక్రమానికి డబ్బిచ్చింది. విషయం 'మహిళా నాయకత్వం'. అక్కడి అధికారి ఫోనులో ఎంతో మర్యాదగా, "అన్నీ మాట్లాడండి మేడం, కాంట్రాక్టు వాళ్ళ సంగతులు మాత్రం వద్దు" అన్నారు. ఆ ఏడాది మా ఆఫీసు అద్దె మూడు నెలలు బాకీ వుంది. ఒప్పుకున్నాం. రెండు రోజుల శిక్షణలో ఆత్మవిశ్వాసం గురించి, మాట తీరు గురించి, లాభాల గురించి చెప్పాం. ఆ భవనాన్ని ఊడ్చే ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి విని వెళ్ళిపోయారు. 2013 చట్టం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలని చెప్పినప్పటి నుంచి ఈ ఇబ్బంది మనలో చాలామందికి అనుభవమే. ఎవరి డబ్బుతో మీటింగు పెడుతున్నామో వాళ్ళ గురించి గొంతు తగ్గుతుంది. ద్రాక్షారామంలో ఆవిడ అడిగింది నేను అప్పుడు మింగేసిన ప్రశ్నే.

కంపెనీ విజయం ఎవరి విజయమన్న ప్రశ్న మన గోదావరి ప్రాంతానికి కొత్తదేమీ కాదు. నరసాపురం లేసు సంగతి చూడండి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ డెబ్బైల చివర్లో ఇక్కడికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ ఇళ్ళలో కూర్చుని లెక్కలు వేశారు. 1982లో వచ్చిన ఆవిడ పుస్తకం ప్రపంచమంతా చదివింది. లక్షకు పైగా ఆడవాళ్ళు అల్లిన సరుకు విదేశాలకి వెళ్తోంది. ఎగుమతిదారులూ దళారులూ మగవాళ్ళు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్ళని ఎవరూ కార్మికులనలేదు. గృహిణులన్నారు, తీరిక వేళల్లో చేసే పని అన్నారు. ఆ ఒక్క మాటతో కనీస వేతనమూ, సంఘం పెట్టుకునే హక్కూ ఎగిరిపోయాయి. విదేశీ మార్కెట్టులో సరుకు గెలిచింది. అల్లినావిడ అరుగు మీదే వుండిపోయింది.

పైన ఆడమనిషి వుంటే అంతా మారిపోతుందా? దీనికి మన రాష్ట్రంలోనే ఒక అనుభవం వుంది. 1998లో గుంటూరులో మొదలైన స్పందన అనే సంస్థని పద్మజా గంగిరెడ్డి దేశంలో రెండో పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీగా పెంచారు. ఆర్థిక రంగంలో ఒక తెలుగు మహిళ అంత ఎత్తుకి వెళ్ళటం మామూలు విషయం కాదు. అప్పు తీసుకునే వాళ్ళూ దాదాపు అందరూ ఆడవాళ్ళే. కానీ ఆ రంగం మొత్తానికీ విజయం అంటే ఒకటే కొలత: వసూలు శాతం. వందకి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది వసూలవుతున్నాయని కంపెనీలన్నీ గర్వంగా చెప్పుకునేవి. ఆ శాతం వెనక వారం వాయిదా రోజున సాటి సభ్యురాలి గుమ్మం ముందు కూర్చునే గ్రూపు వుంది, తాకట్టుకి వెళ్ళిన కమ్మలున్నాయి, ఒక కంపెనీ అప్పు తీర్చటానికి ఇంకో కంపెనీలో చేసిన అప్పు వుంది. 2006లో కృష్ణా జిల్లా యంత్రాంగం స్పందనతో సహా కొన్ని కంపెనీల శాఖల్ని మూయించింది. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ అనే మరో కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్టుకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యాపారానికి కళ్ళెం వేసింది. మగవాళ్ళు నడిపిన కంపెనీలూ, ఆడవాళ్ళు నడిపిన కంపెనీలూ ఆ సంక్షోభంలో ఒకే గాటన పడ్డాయి. ఇక్కడ ఒక వ్యక్తి మంచిచెడ్డలు ముఖ్యం కాదు. కొలబద్ద మారనప్పుడు దాన్ని పట్టుకున్న చెయ్యి ఆడదైనా మగదైనా కొలత అదే వస్తుంది.

అలాగని పైనున్న ఆడవాళ్ళ మీద నెపం పెట్టి వూరుకోవటం న్యాయం కాదు. ద్రాక్షారామం నుంచి తిరిగి వస్తూ కాకినాడలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఆగాను. తను ఒక ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి. జరిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అక్కా, మీటింగులో పన్నెండుమందిమి కూర్చుంటాం. నేనొక్కదాన్నే ఆడదాన్ని. బాత్రూముల సంగతి ఎత్తితే 'మేడంగారికి ఎప్పుడూ ఆడవాళ్ళ గొడవే' అని నవ్వుతారు. ఎత్తకపోతే కింద వాళ్ళు 'ఆడదై వుండి కూడా' అంటారు. టార్గెట్టు తప్పితే వాళ్ళకి ఒక మాట, నాకు నాలుగు. లాభం చూపించకపోతే ఆ కుర్చీలో నేనుండను." తన మాటలో అబద్ధం లేదు. పన్నెండుమందిలో ఒక్కతిగా కూర్చున్న మనిషిని పన్నెండుమంది పని చెయ్యలేదేమని అడగలేం. ఆ ఒక్కతికి తోడు ఎవరన్నదే మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

తోడు మనమే కావాలి. అందుకు చట్టంలోనే కొన్ని తలుపులు తెరిచి వున్నాయి.

మొదటిది, పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం. 1997 విశాఖ తీర్పు నుంచి పదహారేళ్ళు పోరాడి తెచ్చుకున్నాం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ వుండాలి. దానికి అధ్యక్షురాలిగా పెద్ద హోదాలో వున్న మహిళా ఉద్యోగే వుండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు కావాలి. స్త్రీల సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి బయటి సభ్యులు ఒకరు వుండాలి. అంటే పైనున్న ఆవిడా, మనలాంటి వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని చట్టమే చెబుతోంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కార్మికురాలికీ ఈ చట్టం వర్తిస్తుంది. మనలో చాలామంది ఇలాంటి కమిటీల్లో సభ్యులం. ఏడాదికోసారి వెళ్ళి టీ తాగి సంతకం పెట్టి రావటం మానేద్దాం. ఆ కమిటీ ఒకటుందని వ్యానులో వచ్చే ఆడవాళ్ళకి తెలుసా అని అడుగుదాం. వందల మంది ఆడవాళ్ళు పనిచేసే చోట 'ఫిర్యాదులు సున్నా' అని రాశారంటే అక్కడ వేధింపులు లేవని నమ్మకూడదు. ఫిర్యాదు చేస్తే పని పోతుందన్న భయం వుందేమో చూడాలి.

రెండోది, కంపెనీల వార్షిక నివేదికలు. సెబీ నిబంధనల ప్రకారం స్టాక్ మార్కెట్లోని మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బాధ్యతా నివేదిక ఇవ్వాలి. పర్మనెంటు వాళ్ళెందరు, కానివాళ్ళెందరు, వాళ్ళలో ఆడవాళ్ళెందరు, బోర్డులో ఎందరు, ఆడా మగా మధ్యస్థ జీతం ఎంత, కనీస వేతనమే ఇస్తున్నది ఎందరికి, ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చిన వాళ్ళెందరు, ఇవన్నీ అందులో వుండాలి. ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లీషులో వుంటాయని భయపడద్దు, కావలసింది రెండు మూడు పట్టికలే. బోర్డులో ఆడవాళ్ళ సంఖ్య పక్కనే కింది ఆడవాళ్ళ జీతం రాసి గోడపత్రికలో పెడదాం. చిన్న కంపెనీలకి ఈ నివేదిక లేదు, నిజమే. ఉన్న చోట మొదలుపెడదాం.

మూడోది, పిల్లల సంరక్షణ. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ వుండాలని 2017లో ప్రసూతి సదుపాయాల చట్టాన్ని సవరించి చెప్పారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సాంఘిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిబంధన వుంది. ఆఫీసరమ్మకీ బిడ్డ వుంటుంది, రొయ్యలు వొలిచే ఆవిడకీ వుంటుంది. ఇద్దరూ కలిసి అడగగలిగిన మొదటి కోరిక ఇదే కావచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కొందరం భీమేశ్వరాలయానికి వెళ్ళాం. గోడల మీద, స్తంభాల మీద వందల ఏళ్ళ నాటి శాసనాలు. అఖండ దీపాలకి దానాలిచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళ పేర్లు చాలానే వున్నాయి, ఫలానావారి భార్య అనీ, ఫలానావారి తల్లి అనీ. నెయ్యి కోసం ఇచ్చిన గొర్రెల్ని అప్పగించుకున్న బోయల పేర్లూ కొన్నిటిలో వున్నాయి. ఇంట్లో వెన్న చిలికి నెయ్యి కాచిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం లేవు. కంపెనీల వార్షిక నివేదికలు కూడా ఇలాంటి శాసనాలే అనిపించింది. పై పేజీల్లో ఒకరిద్దరు ఆడవాళ్ళ ఫొటోలు పడ్డాయి. అది అవసరమే. లోపలి పేజీల్లో అంకెగా మాత్రమే వున్న వాళ్ళ సంగతి మిగిలే వుంది.

ఇదే ద్రాక్షారామంలో 1880లో దువ్వూరి సుబ్బమ్మగారు పుట్టారు. బాల వితంతువు. ఇంట్లో మూల కూర్చోవాల్సిన మనిషి సభలెక్కి మాట్లాడారు, జైలుకి వెళ్ళారు, రాజమండ్రిలో ఆడవాళ్ళకి బడి పెట్టారు. మాట్లాడటానికి ముందు, నేను మాట్లాడితే ఎవరికెంత లాభమో ఆవిడ లెక్క చూపించలేదు. మనిషి కాబట్టి మాట్లాడారు. పెద్ద పదవులు అడిగేటప్పుడు మనకి కావలసిన కారణం కూడా అంతే. సగం మనుషులం కాబట్టి సగం కుర్చీలు కావాలి. లాభం వస్తే వస్తుంది, రాకపోతే మగవాళ్ళకి రానట్టే రాదు.

లాభం ఎవరికని అడిగిన అమ్మా! నువ్వడిగినప్పుడు నేను చెప్పవలసిన జవాబు ఇది. ఇప్పటికైతే లాభం నీకు కాదు. పైన మేడంగారు వచ్చినంత మాత్రాన రాదు. ఆవిడ కుర్చీ కోసం మేం అడుగుతున్నంత గట్టిగా నీ కూలి కోసం కూడా అడిగినప్పుడు, ఆవిడ నీ మాటని ఆ పన్నెండుమంది ముందు పెట్టగలిగినప్పుడు వస్తుంది. వచ్చే నెల మళ్ళీ మీ వూరు వస్తున్నాను. ఈసారి జిరాక్సులు తేవటం లేదు. మీ కంపెనీలో కమిటీ వుందో లేదో, వుంటే సభ్యులెవరో కనుక్కుని వుంచు. మిగతా మాటలు అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం.

పాఠకులకి కూడా ఇదే విన్నపం. మీరు సభ్యులుగా వున్న కమిటీల అనుభవాలు, మీరు ఒప్పుకున్న షరతులు, ఒప్పుకోని షరతులు రాసి పంపండి. పేర్లు వద్దంటే వెయ్యం. వచ్చే సంచికలో ఆ పేజీలు మీవే.